సంతకాలు వేలల్లో, లెక్క అడుగుల్లో

మొన్న బుధవారం కూడా అదే జరిగింది. ఒకాయన కౌంటర్ దగ్గరికి వచ్చి, ఇంటి దగ్గర కట్టబోయే అపార్ట్‌మెంట్లు వద్దంటూ పెట్టిన ఆన్‌లైన్ పిటిషన్ ఫోన్‌లో చూపించారు. "1,870 సంతకాలండీ! ఇక ఆ అపార్ట్‌మెంట్లు రానట్టే కదా?" పేర్లు చూస్తుంటే గుంటూరు వాళ్ళున్నారు, విజయవాడ వాళ్ళున్నారు, ఆయన అత్తగారూ ఉన్నారు. నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. డాలస్ పక్కన ఒక సిటీ ప్లానింగ్ ఆఫీసులో నా ఉద్యోగం. ఈ జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

అపోహ: ఎన్ని ఎక్కువ సంతకాలుంటే అంత బలం.

వాస్తవం: టెక్సాస్ చట్టం తలలు లెక్కపెట్టదు, నేల కొలుస్తుంది. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పేది జోనింగ్, దాన్ని మార్చడం రీజోనింగ్. రీజోనింగ్ అడిగిన స్థలం హద్దు నుంచి 200 అడుగుల లోపు భూమి ఉన్న యజమానులు సంతకం చేసి, రాసి ఇచ్చిందే ప్రొటెస్ట్, అంటే లెక్కకొచ్చే అభ్యంతరం. అద్దెకున్నవాళ్ళది లెక్కలోకి రాదు. అర మైలు అవతలి వాళ్ళదీ రాదు. ఇదివరకు ఆ నేలలో 20 శాతానికి యజమానులు వద్దంటే, సిటీ కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాల్సి వచ్చేది. అంటే ఏడుగురిలో ఆరుగురు. ఇద్దరు అడ్డం తిరిగితే ప్రాజెక్టు పోయేది. 2025 సెప్టెంబర్ 1 నుంచి, ఇళ్ళ సంఖ్య పెంచే మార్పులకు ఆ 20 కాస్తా 60 అయింది. పైగా 60 దాటినా మామూలు మెజారిటీ చాలు. వాట్సాప్‌లో ఇంకా తిరుగుతున్న "20 శాతం చాలు" మెసేజ్ పాతది. దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

ఆయనకి మ్యాప్ తెరిచి చూపించాను. 200 అడుగుల గీతలో పద్నాలుగు ఇళ్ళున్నాయి, అందులో ఆయనదీ ఒకటి. "మా ఉత్తరం అందిందా?" అంటే "ఏ ఉత్తరం?" అన్నారు. కౌన్సిల్ కంటే ముందు విషయం వినే ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్ హియరింగ్‌కి కనీసం పది రోజుల ముందే పోస్టులో పంపుతాం. కాకపోతే అది ట్యాక్స్ రోల్‌లో, అంటే ఆస్తి పన్ను జాబితాలో, ఉన్న పేరుకే వెళ్తుంది. కొత్త కమ్యూనిటీల్లో చాలాసార్లు అక్కడ ఇంకా బిల్డర్ పేరే ఉంటుంది. ఈయన విషయంలో అలా కాదు, ఉత్తరం వచ్చింది. పిజ్జా కూపన్లతో కలిసి చెత్తబుట్టలోకి వెళ్ళింది. పద్నాలుగు ఇళ్ళ నుంచి మాకు అందిన ప్రొటెస్ట్ ఫారాలు రెండే. మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని లింకులు పంపిన మనిషి ఆయన. పక్కింటి తలుపు తట్టాలని మాత్రం ఎవరూ చెప్పలేదు.

అపోహ: ఏదైనా కౌన్సిల్ ఓటుకి రావాల్సిందే.

వాస్తవం: అపార్ట్‌మెంట్లకి వీలిచ్చే జోనింగ్ ముందే ఉంటే రాదు. ఎస్‌బీ 840 అనే టెక్సాస్ చట్టం వచ్చాక, పెద్ద కౌంటీల్లో ఉండి లక్షన్నర జనాభా దాటిన సిటీల్లో, అంటే ప్లేనో, ఇర్వింగ్ లాంటి చోట్ల, ఆఫీసులకీ షాపులకీ కేటాయించిన చాలా స్థలాల్లో రీజోనింగ్ లేకుండానే అపార్ట్‌మెంట్లు కట్టుకోవచ్చు. అభ్యంతరం చెప్పడానికి హియరింగే ఉండదు. వెనక ఖాళీ స్థలం చూసి "ఇక్కడ షాపులొస్తాయి" అన్న సేల్స్ ఆఫీసు మాట నమ్మి ఇల్లు కొనకండి. సిటీ జోనింగ్ మ్యాప్ ఆన్‌లైన్‌లో ఉచితం.

స్కూళ్ళు నిండిపోతాయంటారు. స్కూళ్ళు చూసుకునే స్కూల్ డిస్ట్రిక్ట్ వేరు, సిటీ వేరు. "ఎలాంటివాళ్ళు వస్తారో" అని మైకులో అనకండి. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది, అలాంటి మాట మీద కౌన్సిల్ నిర్ణయం తీసుకుంటే కోర్టుకెక్కాల్సి వస్తుంది. అయినా మనం ఎక్కడి నుంచి వచ్చాం? ఈ దేశంలో నా మొదటి అడ్రసు ఇర్వింగ్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. నలుగురం, ఒకటే రైస్ కుక్కర్.

మరి ఏం చేయాలి? కౌన్సిల్ దాకా ఆగకుండా కమిషన్ హియరింగ్‌కే వెళ్ళండి. వద్దు అనడం కాదు, ఏం మార్చాలో అడగండి. ప్లాన్డ్ డెవలప్‌మెంట్ (ఆ ఒక్క ప్రాజెక్టు కోసమే విడిగా రాసే జోనింగ్) అయితే ఆర్డినెన్స్‌లో, అంటే సిటీ చట్టంలో, రాసిన షరతులకి డెవలపర్ కట్టుబడాలి. రెండేళ్ళ క్రితం ఒకావిడ సాయంత్రం తన పెరట్లో నిలబడి తీసిన ఫొటో పట్టుకొచ్చారు. తులసి కోట, దాని వెనక కంచె, కంచె పైన కట్టబోయే మూడో అంతస్తు ఎత్తుని పెన్నుతో గీసిన గీత. "ఆ బాల్కనీలు ఇటు చూడకుండా చేయండి, చాలు" అన్నారు. ఇచ్చిన మూడు నిమిషాల్లో ఒక్కటే వాడుకున్నారు. ఆ వైపు మూడంతస్తులు రెండయ్యాయి, బాల్కనీలు లోపలికి తిరిగాయి. ఆవిడ ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకం కూడా పెట్టలేదట, లింక్ ఓపెన్ కాలేదని.