నీదరోస్ కెథడ్రల్: అందులో పాతదెంత, కొత్తదెంత?

నార్వేలో ట్రోండ్‌హైమ్ అని ఒక ఊరుంది. అక్కడి పెద్ద చర్చి పేరు నీదరోస్ కెథడ్రల్. దాని పడమటి వైపు రెండు బురుజులున్నాయి. వాటిలో వాయవ్యపు బురుజు కొసన మైకేల్ అనే దేవదూత విగ్రహం ఉంటుంది. ఆ దేవదూత మొహం అమెరికా పాటగాడు బాబ్ డిలన్‌ది. జోక్ కాదు, నిజంగానే. చెక్కిన శిల్పి క్రిస్టోఫర్ లైర్‌డాల్, 1969లో, వియత్నాం యుద్ధానికి ఎదురు నిలిచిన గొంతు అని డిలన్‌ని మోడల్‌గా తీసుకున్నాడట. ఈ సంగతి ఆయన అప్పుడు ఎవరికీ చెప్పలేదు, చాలా ఏళ్ళకి తీరిగ్గా బయటపెట్టాడు. 2016లో పక్క దేశం స్వీడన్ వాళ్ళు డిలన్‌కి నోబెల్ ఇచ్చారు కానీ, నార్వే వాళ్ళు అంతకు చాలా ముందే ఆయన్ని దేవదూతను చేసేశారు, తమకే తెలీకుండా.

మరి మధ్యయుగాల చర్చి మీద గిటార్ వాయించేవాడి మొహం ఎలా వచ్చింది? దీనికి జవాబు కావాలంటే ఇంకో ప్రశ్న అడగాలి: అసలు ఈ చర్చిలో మధ్యయుగాలది ఎంత? నార్వేలో దీని మీద తరాల తరబడి కొట్టుకున్నారు. ఆర్కిటెక్టులు, చరిత్రకారులు, పేపర్లు, ప్రభుత్వం, అందరూ. ఆ గొడవ అర్థం కావాలంటే 1030 దగ్గర మొదలుపెట్టాలి.

ఓలావ్ హరాల్డ్‌సన్ బతికున్నన్నాళ్ళూ అంత మంచిపేరున్న రాజేం కాదు. కత్తి చూపించి జనాన్ని క్రైస్తవంలోకి మార్చాడని చెబుతారు. సొంత దేశంలోని పెద్ద రైతులు, నాయకులే తిరగబడి తరిమేస్తే, మళ్ళీ సైన్యాన్ని కూడగట్టుకుని వచ్చి 1030 జులై 29న స్టిక్లెస్టాడ్ దగ్గర జరిగిన పోరులో చచ్చిపోయాడు. కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ శవాన్ని గుట్టుగా తెచ్చి ట్రోండ్‌హైమ్‌లోని నిద్ నది ఒడ్డున పాతిపెట్టిన ఏడాదికి, 1031 ఆగస్టు 3న, బయటికి తీశారు. శవం చెడిపోలేదనీ, జుట్టూ గోళ్ళూ పెరిగాయనీ అన్నారు, గ్రిమ్‌కెల్ అనే బిషప్ ఆయన్ని సెయింట్‌గా ప్రకటించేశాడు. బతికుండగా చెయ్యలేని పని చచ్చిపోయాక ఏడాదిలో చేశాడు ఓలావ్: దేశం మొత్తం ఆయన వెనకాల నిలబడింది.

పాత ఐస్‌లాండ్ గాథల్లో ఒక ముచ్చట ఉంది, నాకు చాలా ఇష్టం. ఓలావ్ కొడుకు మాగ్నుస్ ఏటేటా ఆ పేటిక తెరిచి తండ్రి జుట్టూ గోళ్ళూ కత్తిరించేవాడట. తర్వాత రాజైన హరాల్డ్, ఓలావ్‌కి తల్లి వైపు తమ్ముడు, 1066లో ఇంగ్లండ్ మీదికి దండయాత్రకు పోయేముందు అదే పని ఆఖరిసారి చేసి, పేటికకి తాళం వేసి, తాళంచెవిని నదిలో విసిరేశాడట. హరాల్డ్ తిరిగి రాలేదు, ఇంగ్లండ్‌లోనే యుద్ధంలో చనిపోయాడు. ఆయన కొడుకు ఓలావ్ క్యుర్రే రాజయ్యాక, 1070 ప్రాంతంలో, పెదనాన్న సమాధి ఉన్న చోటు మీదే రాతి చర్చి కట్టడం మొదలుపెట్టాడు. చర్చి పీఠం (ప్రార్థన జరిపే ఆల్టర్) సరిగ్గా ఆ చోటునే వచ్చేలా చూశారు. ఆ తర్వాత ఎంత కూల్చినా, ఎంత పెంచినా ఆ ఒక్క బిందువుని మాత్రం ఎవరూ కదపలేదు.

1152-53లో నికొలస్ బ్రేక్‌స్పియర్ అనే కార్డినల్ రోమ్ నుంచి వచ్చి ట్రోండ్‌హైమ్‌ని (అప్పటి పేరు నీదరోస్) ఆర్చిబిషప్ పీఠం చేశాడు. ఆయనే తర్వాత పోప్ అయ్యాడు, ఇప్పటిదాకా పోప్ అయిన ఒకే ఒక్క ఇంగ్లిష్‌వాడు. ఆ ఆర్చిబిషప్ అధికారం కింద నార్వే ఒక్కటే కాదు, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, ఫారో దీవులు, ఆర్క్‌నీ, షెట్లాండ్, అటు మ్యాన్ దీవి దాకా ఉండేవి. గ్రీన్‌లాండ్ వాళ్ళు చర్చికి కట్టాల్సిన పన్ను వాల్రస్ దంతాల రూపంలో కట్టేవాళ్ళు. ఇంత పెద్ద పరిధికి ఓలావ్ క్యుర్రే కట్టిన చర్చి చాల్లేదు.

అక్కడ వస్తాడు ఐస్టైన్ ఎర్లెండ్‌సన్. 1161లో పదవిలోకి వచ్చిన ఆర్చిబిషప్. చర్చిని శిలువ అనుకుంటే దాని చేతుల్లా రెండు పక్కలకీ చాచుకున్న అడ్డ భాగం ఈయన కాలానిదే. లావాటి గోడలు, గుండ్రటి కమానులు, కమానుల మీద రంపపు పళ్ళలాంటి చెక్కుడు, అదంతా రోమనెస్క్ పద్ధతి. అక్కడి ఒక చిన్న ప్రార్థనా గదిలో 1161లో ఐస్టైన్ ఆ పీఠాన్ని ప్రతిష్ఠించాడని చెప్పే శాసనం ఇప్పటికీ ఉంది. ఈ చర్చిలో "ఇది ఖచ్చితంగా పాతదే" అని కళ్ళు మూసుకుని చెప్పగలిగిన కొద్ది చోట్లలో ఇదొకటి.

తర్వాత ఐస్టైన్‌కి స్వెర్రే రాజుతో చెడింది. 1180లో పారిపోయి ఇంగ్లండ్‌లో మూడేళ్ళు తలదాచుకున్నాడు. సరిగ్గా అప్పుడే కాంటర్‌బరీలో, 1174లో కాలిపోయిన చర్చి తూర్పు భాగాన్ని గోథిక్ పద్ధతిలో తిరిగి కడుతున్నారు, అదీ 1170లో హత్యకి గురై సెయింట్ అయిన థామస్ బెకెట్ సమాధి కోసం. తన దగ్గరా ఒక సెయింట్ సమాధి ఉన్న ఆర్చిబిషప్ మనసులో ఏం మెదిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 1183లో తిరిగొచ్చాక నీదరోస్‌లో కట్టడం తీరే మారిపోయింది. గుండ్రటి కమానులు పోయి మొన తేలిన కమానులు వచ్చాయి, గోడలు సన్నబడ్డాయి, వెలుతురు పెరిగింది. రాజుతో గొడవ పడితే పడ్డాడు కానీ, ఆ ప్రవాసం లేకపోతే ఈ చర్చి ఇలా ఉండేది కాదు.

తూర్పు కొసన ఉన్న ఎనిమిది కోణాల కట్టడాన్ని కాస్త దగ్గరగా చూడాలి. మధ్యలో పీఠం, దాని వెనక ఓలావ్ వెండి పేటిక ఉండేది. చుట్టూ సన్నటి స్తంభాల వరస, ఆ వరస బయట ఒక నడవ. యాత్రికులు ఒక పక్క నుంచి లోపలికి వెళ్ళి, పేటిక చుట్టూ తిరిగి, ఇంకో పక్క నుంచి బయటికి వచ్చేవాళ్ళు. మన గుళ్ళలో గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ మార్గం ఉన్నట్టే. ఆ నడవ పక్కన గోడలోనే ఒక బావి ఉంది. ఓలావ్‌ని పాతిపెట్టిన చోట ఊట పుట్టిందని నమ్మకం, ఆ నీళ్ళ కోసం జనం నెలల తరబడి నడిచి వచ్చేవాళ్ళు.

ఇదంతా కట్టింది ఎక్కువగా ఏ రాయితోనో తెలుసా? బలపపు రాయి. చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం, ఇంట్లో పులుసు కాచిన రాచ్చిప్ప, ఆ జాతి రాయే. వైకింగులు కూడా దాంతో వంటపాత్రలే చేసుకునేవాళ్ళు. గోటితో గీరితే గీత పడేంత మెత్తన, అందుకే ఉలికి లొంగుతుంది, ఆకులూ కోరలూ మీసాలూ ఏది కావాలంటే అది చెక్కుకోవచ్చు. రాయి మంటని బాగానే తట్టుకుంటుంది. కాకపోతే కప్పు దూలాలు చెక్కవి కదా.

పడమటి ముఖాన్ని 1248లో సిగుర్డ్ అనే ఆర్చిబిషప్ మొదలుపెట్టాడు. ఇంగ్లండ్‌లో లింకన్, వెల్స్ చర్చిల్లో ఉన్నట్టు, వెనకున్న కట్టడం కంటే వెడల్పుగా, తెరలాగా నిలబడే గోడ అది, నిండా విగ్రహాల వరసలు. 1300 నాటికి చర్చి దాదాపు ఒక రూపానికి వచ్చింది. పొడవు నూట రెండు మీటర్లు. ఆ వైభవం ఎంతోకాలం నిలవలేదు. 1328లో కాలింది, 1432లో కాలింది, 1531లో మరీ ఘోరంగా కాలింది. ఆ మూడోసారి తర్వాత జనం కూర్చునే పడమటి భాగాన్ని బాగుచేయడానికి డబ్బూ లేదు, ఓపికా లేదు. కప్పు లేకుండా వదిలేశారు. తూర్పు భాగాన్ని మాత్రం ఎలాగో కప్పుకుని అక్కడే ప్రార్థనలు కానిచ్చారు.

ఆరేళ్ళకే ఇంకో దెబ్బ. 1537లో, నార్వేని ఏలుతున్న డెన్మార్క్ రాజు, సెయింట్లకి మొక్కడాన్ని ఒప్పుకోని లూథర్ మతాన్ని రుద్దాడు. ఆఖరి ఆర్చిబిషప్ ఓలావ్ ఎంగెల్‌బ్రెక్ట్‌సన్ ఓడెక్కి పారిపోయాడు. సెయింట్ పేటికని కోపెన్‌హాగన్‌కి తీసుకుపోయి వెండిని కరిగించేశారు. యాత్రలు ఆగిపోయాయి, ఆర్చిబిషప్ పీఠమే లేకుండా పోయింది. ఆ తర్వాత 1708లో, 1719లో మళ్ళీ మంటలు. రెండొందల ఏళ్ళకి పైగా ఇది ఒక చిన్న ఊళ్ళో సగం పాడుబడ్డ చర్చి, అంతే.

అసలు గొడవకి బీజం 1814లో పడింది. డెన్మార్క్ చేతి నుంచి బయటపడ్డ నార్వే తన రాజ్యాంగంలో, ఇకపై రాజుల పట్టాభిషేకం ట్రోండ్‌హైమ్‌లోనే జరగాలని రాసుకుంది. దేశాన్ని స్వీడన్ రాజు కిందే ఉంచుకోవాల్సి వచ్చింది కానీ, ఆ రాజునైనా మా చర్చికి వచ్చి కిరీటం పెట్టుకోమన్నారు. కప్పు లేని చర్చిలో పట్టాభిషేకం! నాలుగు వందల ఏళ్ళు పరాయి పాలనలో ఉన్నవాళ్ళకి, ఒకప్పుడు మాకూ ఒక గొప్ప రాజ్యం ఉండేది అని చూపించుకోవడానికి ఆ శిథిలం తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. 1869లో జీర్ణోద్ధరణ మొదలైంది.

1872లో పని చేపట్టిన ఆర్కిటెక్ట్ క్రిస్టియన్ క్రిస్టీ ముప్ఫై ఏళ్ళకి పైగా, 1906లో చనిపోయేదాకా, దాన్నే పట్టుకుని ఉన్నాడు. ఆయన పద్ధతి ఆ కాలపు పద్ధతే: తర్వాతి శతాబ్దాల్లో చేర్చినవి తీసెయ్, పాడైన రాయి తీసి కొత్త రాయి పెట్టు, అంతా ఒకే శైలిలో కనిపించేలా చెయ్. చర్చి నిలబడిందంటే ఆయన పుణ్యమే, అందులో అనుమానం లేదు. కానీ తీసేసిన పాత రాళ్ళలో ఏ కాలపు ఏ శిల్పి చేతిముద్ర పోయిందో ఇక ఎప్పటికీ తెలీదు. ఇది నాకు మింగుడుపడదు. 1890ల చివర్లో విచిత్రపు తలలు చెక్కడానికి ఒక కుర్ర శిల్పిని పెట్టుకున్నారు, పేరు గుస్టావ్ విగెలాన్. తర్వాత ఓస్లోలో ఒక పార్కు మొత్తాన్ని తన విగ్రహాలతో నింపినవాడు.

పడమటి ముఖం దగ్గరికొచ్చేసరికి అసలు టెన్షన్ మొదలైంది. ఎందుకంటే అక్కడ బాగుచేయడానికేం మిగల్లేదు, కింది వరస తప్ప. దాన్ని చూపించే అతి పాత బొమ్మ యాకబ్ మాషియస్ 1661లో చెక్కింది, అంటే చర్చి కాలిపోయిన 130 ఏళ్ళ తర్వాతది. పైన గుండ్రటి కిటికీ ఎంత పెద్దది, బురుజులు ఎంత ఎత్తు, ఏ గూట్లో ఏ విగ్రహం? అన్నీ ఊహలే. పోటీ పెట్టారు, ఓలాఫ్ నూర్డ్‌హాగెన్ ప్లాన్ గెలిచింది. అప్పుడు మాకోడీ లుండ్ అనే ఆయన లేచాడు. మధ్యయుగపు చర్చిలన్నీ ఒక రేఖాగణిత సూత్రం మీద కట్టారనీ, అది తనకి దొరికిందనీ, దాని ప్రకారం పోయిన భాగాలన్నీ లెక్కకట్టి కట్టేయవచ్చనీ వాదించాడు. దేశం రెండుగా చీలినంత పనైంది. విదేశీ నిపుణుల్ని కూడా పిలిచి అడిగారు, వాళ్ళు ఆ సూత్రాన్ని ఒప్పుకోలేదు. 1925లో నూర్డ్‌హాగెన్ చనిపోయాడు. చివరికి కట్టింది హెల్గె థీస్ అనే ఇంకో ఆర్కిటెక్ట్ గీసిన రూపం.

ఈ వాదనల మధ్యే 1930 వచ్చేసింది, స్టిక్లెస్టాడ్ పోరుకి తొమ్మిది వందల ఏళ్ళు. నాలుగు వందల ఏళ్ళుగా కప్పు లేని భాగం ఆ పండగకి తలుపులు తెరిచింది. గబ్రియెల్ కీలాన్ చేసిన గుండ్రటి రంగుటద్దాల కిటికీ, దాదాపు పదివేల గాజు ముక్కలు, అప్పటికి సిద్ధమైంది. సాయంత్రం సూర్యుడు పడమట వాలాక ఆ అద్దాల ఎర్రరంగు లోపలి రాళ్ళ మీద పడుతుంది. ఆ ఊపులో, అదే ఏడాది జనవరి ఒకటి నుంచి ఊరి పేరుని కూడా తిరిగి నీదరోస్‌గా మార్చారు. ఊళ్ళో జనం ఊరుకోలేదు, రోడ్డెక్కారు. 1931 మార్చిలో ట్రోండ్‌హైమ్ అనే పేరు తిరిగొచ్చింది. చర్చికి కొత్త మొహం పెట్టడాన్ని ఒప్పుకున్న జనం తమకి పాత పేరు పెట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

విగ్రహాల పని మరో అర్ధశతాబ్దం సాగింది. ఒక శిల్పి ముందు ప్లాస్టర్‌లో నమూనా చేస్తాడు, చర్చి సొంత పనిశాలలోని రాతిపనివాళ్ళు దాన్ని బలపపు రాయిలోకి దింపుతారు. ఇప్పుడు ఆ గోడ మీద నిలబడ్డ డెబ్భైకి పైగా విగ్రహాలు దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దానివే. మిగిలిన మధ్యయుగపు విగ్రహాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, వాటిని దించి పక్కనున్న ఆర్చిబిషప్ భవనం మ్యూజియంలో దాచారు. గోడ మీద చివరి విగ్రహం 1983లో నిలబెట్టారు. అంటే, పర్యాటకులు ఎదుట నిలబడి "ఎంత పాతదో" అని ఫొటో తీసుకునే ఆ ముఖం, మన దేశం ప్రపంచకప్ గెలిచిన ఏడాది పూర్తయింది.

మరైతే ఇది నకిలీయా? నేనైతే అనను. మాషియస్ బొమ్మకి కట్టుబడి డొల్ల గోడ కట్టి ఊరుకునే బదులు, ప్రతి తరం శిల్పులూ తమ చేతితో తమ కాలపు మొహాలు పెట్టారు. పదమూడో శతాబ్దపు శిల్పి కూడా తన ఎదురింటివాడి మొహాన్నే కదా ఏ ప్రవక్తకో పెట్టి ఉంటాడు. నాకున్న ఫిర్యాదల్లా బోర్డుల మీదే: మధ్యయుగపు కట్టడం అని మాత్రమే రాసి ఊరుకోకూడదు, ఏ రాయి ఎప్పటిదో చెప్పాలి.

పని ఇంకా ఆగలేదు. ఇప్పుడు చేస్తున్నది చాలావరకు ముందు తరాల మరమ్మతులకి మరమ్మతు. సున్నం వాడాల్సిన చోట సిమెంటు వాడారు, సిమెంటు తేమని బయటికి పోనివ్వదు, పక్కనున్న మెత్తటి రాయి పొరలు పొరలుగా రాలుతుంది. రాళ్ళని బిగించడానికి పెట్టిన ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. పనివాళ్ళు మళ్ళీ సున్నం దగ్గరికే వచ్చారు, పాత ఉలి గుర్తుల్ని చూసి అలాంటి ఉలులు కొలిమిలో తయారుచేసుకుని చెక్కుతున్నారు.

ఇంతకీ ఓలావ్ ఏమయ్యాడు? వెండి పోయినా లోపలి చెక్కపెట్టె మిగిలింది. 1564లో దాన్ని తిరిగి తెచ్చి చర్చిలోనే పాతిపెట్టారు. నాలుగేళ్ళకి, జనం మళ్ళీ మొక్కడం మొదలుపెడతారేమో అన్న భయంతో, డెన్మార్క్ రాజు ఆ గుంటని మట్టితో పూడ్పించాడు. గుర్తు పెట్టలేదు. ఈ చర్చి మొత్తం ఎవరి సమాధి చుట్టూ కట్టారో ఆ మనిషి ఆ నేల కింద ఎక్కడున్నాడో ఇవాళ ఎవరికీ తెలీదు.