పిల్లలతో, పెద్దవాళ్ళతో హైదరాబాద్ చూడటానికి వచ్చేవాళ్ళకి: కొన్ని అపోహలు, వాస్తవాలు

సెలవులు మొదలైతే చాలు, గోల్కొండ గేటు దగ్గర నన్ను అడిగే మొదటి మాట ఇదే: “అన్నా, గంటలో చూపించేస్తావా? ఇంకా చార్మినార్, సాలార్‌జంగ్, జూ పార్కు, ట్యాంక్‌బండ్ ఉన్నాయి, రాత్రికి సికింద్రాబాద్‌లో ట్రైన్.” అడిగే తండ్రి ఫోన్‌లో ఎవరో పంపిన లిస్టు ఉంటుంది. పక్కన ఎండకి మొహం ఎర్రబడిన బాబు, కూర్చోడానికి నీడ వెతుక్కుంటున్న నాయనమ్మ. కుటుంబాలని తిప్పే గైడ్‌గా నేను రోజూ చూసే ఇబ్బందుల్లో చాలావరకు ఈ లిస్టు దగ్గరే మొదలవుతాయి, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: హైదరాబాద్‌ని ఒక్కరోజులో చుట్టేయొచ్చు

కుదరదు. బండి అద్దాల్లోంచి చూసి “అదిగో చార్మినార్” అనుకోవడానికైతే సరే, పిల్లలు, పెద్దవాళ్ళు దిగి నడిచి చూడాలంటే మాత్రం కుదరదు. చార్మినార్ నుంచి గోల్కొండ పది కిలోమీటర్ల పైన ఉంటుంది, ట్రాఫిక్‌లో గంట పట్టినా ఆశ్చర్యం లేదు. జూ పార్కు ఒక్కటే 380 ఎకరాలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో అన్ని గదులూ తిరగాలంటే పెద్దవాళ్ళకే కాళ్ళు పడిపోతాయి. ఇవన్నీ ఒకే రోజులో పెట్టుకుంటే ఏమవుతుందో నేను ముందే చెప్పగలను: పొద్దున ట్రైన్ దిగి, రూమ్ తీసుకుని, స్నానాలు, టిఫిన్లు అయ్యేసరికి పదిన్నర, పాతబస్తీలో మధ్యాహ్నం ఒంటిగంట, బిర్యానీ తిని కారెక్కితే పిల్లలు నిద్ర, సరిగ్గా రాయి కాలిపోతున్న వేళకి గోల్కొండ మెట్ల ముందు నిలబడతారు. అక్కడ పిల్లలు ఏడుస్తారు, భార్యాభర్తలు ఒకరినొకరు అనుకుంటారు, ఫోటోలు మాత్రం అందరూ నవ్వుతున్నట్టే వస్తాయి.

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక కుటుంబం సంగతి చెప్పాలి. వాళ్ళ అమ్మగారు చిన్నప్పటి నుంచి భజనల్లో రామదాసు కీర్తనలు పాడుకున్న మనిషి, హైదరాబాద్ రావడమే గోల్కొండలో రామదాసు బందిఖానా చూడటానికి వచ్చారు. మిగతా అందరికీ చూడాల్సినవి చాలా ఉన్నాయి, ఆవిడకి ఈ ఒక్కటే. కానీ లిస్టులో గోల్కొండని చివర పెట్టారు, ఎందుకంటే “సాయంత్రం లైట్ షో కూడా కలిసొస్తుంది” అని ఎవరో చెప్పారట. వాళ్ళు వచ్చేసరికి అయిదు దాటింది, లోపల ఉన్నవాళ్ళని కూడా బయటికి పంపించేస్తున్నారు. లైట్ షో టికెట్ కొంటే కోట ఎక్కనిస్తారేమో అని కొడుకు నన్ను పట్టుకుని బతిమాలాడు. ఎక్కనివ్వరు. ఆ టికెట్‌తో కింద రాణి మహల్ వైపు కూర్చుని షో చూడటమే, చీకట్లో కొండ మీదికి ఎవరినీ పంపరు. ఆవిడ మాత్రం “పోన్లే నాయనా, పిల్లలు జూ చూశారుగా” అన్నారు. కొడుకు మొహం చూడలేకపోయాను. వాళ్ళది నిర్లక్ష్యం కాదు, ఎవరో తెలిసినవాళ్ళు “అన్నీ అయిపోతాయి, మేం చూశాం” అని చెప్పిన మాట నమ్మారంతే. అలాంటి మాటలు చెప్పేవాళ్ళ మీదే నా కోపం.

కంచెర్ల గోపన్న, అంటే మన రామదాసు, పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని తానీషా కాలంలో ఇక్కడే బందీ చేశారని మనందరికీ తెలిసిన కథే. ఆ గది కొండ ఎక్కే దారిలో ఉంటుంది, కింద ఉండదు. గోడ మీద రాముడు, హనుమంతుడి బొమ్మలు చెక్కి ఉంటాయి, పైకప్పులో ఉన్న కన్నంలోంచి పడే వెలుతురే వెలుతురు. అక్కడికి వయసైన మనిషిని తీసుకెళ్ళాలంటే గేటు తీసే వేళకే వచ్చి, నాలుగు మెట్లు ఎక్కి రెండు నిమిషాలు కూర్చుంటూ, మంచినీళ్ళు తాగిస్తూ వెళ్ళాలి. అలా ఎక్కిన డెబ్బై ఏళ్ళవాళ్ళు నాకు చాలామంది తెలుసు. మధ్యాహ్నం రెండింటికైతే ముప్ఫై ఏళ్ళవాళ్ళే సగంలో కూలబడతారు.

నన్నడిగితే కనీసం రెండు రోజులు పెట్టుకోండి. ఒకరోజు పొద్దున్నే గోల్కొండ, ఎండ ముదిరేలోపు దిగేసి, భోజనం, పిల్లలకి నిద్ర, సాయంత్రం కుతుబ్‌షాహీ సమాధులు, అంటే ఇక్కడివాళ్ళు సెవెన్ టూంబ్స్ అనేవి, కోటకి రెండు కిలోమీటర్ల లోపే. రెండోరోజు పాతబస్తీ. ఒక్కరోజే సెలవు దొరికితే ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోండి, రెండోది మళ్ళీ వచ్చినప్పుడు. “ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎలా” అన్న టెన్షన్ నాకు అర్థమవుతుంది, ముఖ్యంగా అమెరికా నుంచి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళకి మళ్ళీ ఎప్పుడొస్తామో తెలియదు. కానీ ఆ పిల్లల్ని నెల తర్వాత అడిగి చూడండి, పరిగెత్తించి చూపించిన అయిదు చోట్లలో ఒక్కటీ గుర్తుండదు, తీరిగ్గా చూసిన చోటు మాత్రం గుర్తుంటుంది.

అపోహ: పైదాకా ఎక్కకపోతే గోల్కొండ చూసినట్టే కాదు

ఇది మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని, చంటిపిల్లల తల్లుల్ని చాలా బాధపెడుతుంది. కొండ కొసన ఉన్న బాలాహిస్సార్ దాకా దాదాపు 360 మెట్లు, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు. ఎక్కలేకపోతే ఎక్కొద్దు. కిందే గేటు తలుపులకి ఏనుగులు గుద్దకుండా కొట్టిన ఇనుప మేకులున్నాయి, ఆయుధాగారం ఉంది, నగీనా బాగ్ ఉంది, రాణి మహళ్ళ శిథిలాలున్నాయి. గోడల్లో పగిలిన మట్టి గొట్టాలు కనిపిస్తాయి. కింది చెరువుల నుంచి అంచెలంచెలుగా నీళ్ళు తోడి కొండపైదాకా ఎక్కించింది వాటిలోంచే. నేను పిల్లలకి ఒకే పని చెప్తాను: ఇంకో గొట్టం ఎక్కడుందో కనిపెట్టి నన్ను పిలవండి అని. కొండ ఎక్కనని మొండికేసిన పిల్లలు కూడా ఆ గొట్టాల వెంట గంటసేపు తిరుగుతారు.

చప్పట్ల సంగతి కూడా ఇక్కడే. లోపలికి అడుగు పెట్టగానే గోపురం కింద చప్పట్లు కొడితే కొండపైన బారాదరి అనే మండపం దగ్గర వినిపిస్తుంది. శత్రువులొస్తే పైవాళ్ళకి కబురు అందేది అలాగే. “మేం కొట్టాం, పైవాళ్ళకి ఏమీ వినపడలేదు, అంతా అబద్ధం” అనేవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం వచ్చినవాళ్ళు. అప్పుడు వందమంది ఒకేసారి కొడుతుంటారు, ఎవరి చప్పుడు ఎవరిదో పైన ఎలా తెలుస్తుంది? పొద్దున్నే వచ్చి, ఎక్కగలిగినవాళ్ళు పైకెళ్ళి ఫోన్ చేయాలి, కింద నాయనమ్మ, మనవరాలు కలిసి మూడుసార్లు ఆగి ఆగి కొట్టాలి. పైనున్నవాళ్ళు “వినపడింది!” అని ఫోన్‌లో అరిచినప్పుడు కింద పాప మొహం చూడాలి. ఎక్కలేని పెద్దావిడకి కూడా ఆటలో సగం వాటా దక్కుతుంది.

సొరంగం, వజ్రాలు, టికెట్లు వగైరా

గోల్కొండ నుంచి చార్మినార్‌కి సొరంగం ఉందా అని అడగని రోజు లేదు. ఇప్పటిదాకా అలాంటి సొరంగాన్ని ఎవరూ కనిపెట్టలేదు, చూపించిందీ లేదు. “ఆ మూసేసిన తలుపు అదే, డబ్బులిస్తే చూపిస్తాం” అని ఎవరైనా అంటే వెంట వెళ్ళకండి. కోటలో వజ్రాల గనులూ లేవు. గనులు కృష్ణా తీరంలో కొల్లూరు, పరిటాల వైపు ఉండేవి, గోల్కొండ ఆ వజ్రాల బజారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన పిల్లలకి ఈ మాట చెప్తే “అంటే మా ఊరి దగ్గరివా” అని తెగ సంబరపడతారు.

టికెట్ల విషయంలో ఒక్క మాట. గోల్కొండ, చార్మినార్ రెండూ కేంద్ర పురావస్తు శాఖవి, పదిహేనేళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. గేటు దగ్గర పిల్లలకి కూడా టికెట్లు తెచ్చిపెడతామని ఎవరైనా వెంటపడితే పట్టించుకోకండి. గైడ్‌ని పెట్టుకుంటే డబ్బెంత, ఎంతసేపు, పైదాకా వస్తాడా రాడా అన్నవి ముందే మాట్లాడుకోండి. సెవెన్ టూంబ్స్‌కి గైడ్ లేకపోయినా ఫర్వాలేదు, గైడ్‌నై ఉండి చెప్తున్నాను. అక్కడ ఆగా ఖాన్ ట్రస్టు వాళ్ళు 2013 నుంచి ఏళ్ళ తరబడి బాగుచేశారు. అదే ఏడాది వానలకి కూలిన బడీ బావలిని మళ్ళీ నిలబెట్టారు, మెట్లబావి అంటే ఏమిటో పిల్లలకి చూపించడానికి అంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదు. చుట్టూ పచ్చిక, చెట్లు, విశాలమైన దారులు. కోట మెట్ల మీద చెయ్యి పట్టుకుని నడిపించిన పిల్లల్ని ఇక్కడ ధైర్యంగా వదలొచ్చు, బావి దగ్గర మాత్రం చెయ్యి వదలకండి.

అపోహ: పాతబస్తీకి పిల్లల్ని తీసుకెళ్ళకూడదు

ఈ మాట ఎక్కువగా పాతబస్తీలో ఒక్కసారి కూడా అడుగుపెట్టనివాళ్ళే చెప్తారు, విని విని విసుగొచ్చింది. రోజూ ఎన్నో కుటుంబాలు పిల్లల్ని ఎత్తుకుని తిరిగే బజారు అది. భయపడే తల్లుల్ని మాత్రం నేను తప్పుపట్టను, కొత్త ఊరు, కొత్త గుంపు, చేతిలో చిన్నపిల్ల ఉంటే ఎవరికైనా గుండె దడగానే ఉంటుంది. అక్కడ నిజంగా జాగ్రత్తపడాల్సింది రద్దీ గురించి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ముందే ఒక చోటు చూపించండి. తోపుడు బండిలో చంటిబిడ్డని తెస్తే ఆ బండిని మీరే మోసుకోవాల్సి వస్తుంది. బాత్రూమ్ పని సాలార్‌జంగ్‌లోనో చౌమహల్లా ప్యాలెస్‌లోనో చూసుకునే బజార్లోకి రండి, చార్మినార్ చుట్టూ వెతుక్కోవడం కష్టం. కారు దగ్గరిదాకా రాదు. మెట్రో ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా ఉంది, అక్కడి నుంచి ఆటో హాయి. రంజాన్ నెలలో సాయంత్రం పూట, శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ జనం బాగా ఎక్కువ, చిన్నపిల్లలుంటే ఆ వేళలు తప్పించుకోండి.

చార్మినార్ 1591లో కట్టింది, నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. పైకి వెళ్ళే మెట్లు మినార్ లోపల గుండ్రంగా తిరుగుతాయి, ఇరుకు, నిటారు, మొదటి అంతస్తు దాకే పంపిస్తారు. బిడ్డని చంకనేసుకుని ఎక్కొద్దు, ఒకరు కింద ఉండి ఒకరు వెళ్ళిరండి. కింద ఉన్నవాళ్ళకి లాడ్ బజార్ ఉందిగా. గాజులు కొనకపోయినా సరే, లక్క గాజు చేసేవాళ్ళ దగ్గర పది నిమిషాలు నిలబడండి. కుంపటి సెగకి మెత్తబడిన లక్కని సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచి, ఇంకా వేడి మీద ఉండగానే మెరుపు రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతారు. ఆ వేళ్ళ వేగం చూస్తే ఫోన్ కోసం ఏడ్చే పిల్లలు కూడా ఆగిపోతారు. తర్వాత ఇరానీ చాయ్ పెద్దవాళ్ళకి, ఉస్మానియా బిస్కట్ పిల్లలకి. కారం తినలేని పిల్లలకి ఏం పెట్టాలా అన్న దిగులు అక్కడితో సగం తీరుతుంది.

అపోహ: మ్యూజియం అంటే పిల్లలకి బోర్

అన్నీ చూపించాలనుకుంటే బోరే. సాలార్‌జంగ్‌లో మూడు, నాలుగు చూపించి బయటికొచ్చేయండి. ముసుగు కప్పుకున్న రెబెకా పాలరాతి విగ్రహం ఒకటి, ముందు ఒక మనిషి, వెనక ఇంకో మనిషి ఉన్న చెక్క బొమ్మ ఒకటి, తర్వాత గడియారం. గడియారంలో గంట కొట్టడానికి కాస్త ముందు ఒక చిన్న గడ్డం బొమ్మ బయటికొచ్చి, టైమ్ ఎంతైతే అన్నిసార్లు కొట్టి లోపలికెళ్ళిపోతుంది, పక్కన ఇంకో బొమ్మ సెకను సెకనుకీ సుత్తితో కొడుతూనే ఉంటుంది. అందరూ పన్నెండింటికే ఎగబడతారు, పన్నెండు దెబ్బలు వినొచ్చని. పిల్లలకి ముందువాళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడవు. పదకొండుకో రెండుకో వెళ్ళండి, దెబ్బలు తగ్గినా బొమ్మ కనిపిస్తుంది. చౌమహల్లాలో పసుపు రంగు రోల్స్‌రాయిస్, నాంపల్లి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ, ఈ రెండూ చెప్పి చూడండి, పిల్లలే మిమ్మల్ని లాక్కెళ్తారు.

ఒక్క హెచ్చరిక: సాలార్‌జంగ్, చౌమహల్లా, నాంపల్లి మ్యూజియం మూడింటికీ శుక్రవారం సెలవు. జూ పార్కుకి సోమవారం. ఇది చూసుకోకుండా వచ్చి తాళం ముందు నిలబడే కుటుంబాలు వారం వారం కనిపిస్తాయి. ఆషాఢంలో గోల్కొండ బోనాలు జరిగే ఆది, గురువారాలు కోటలో జాతర ఉంటుంది. బోనాలు చూడాలని వస్తే అంతకన్నా మంచి రోజు లేదు, కోటని తీరిగ్గా చూడాలని వస్తే వేరే రోజు పెట్టుకోండి.

శుక్రవారమే ఊళ్ళో చిక్కుకుపోయారనుకోండి, పొద్దున గోల్కొండ కానిచ్చి సాయంత్రం నౌబత్ పహాడ్ వైపు వెళ్ళండి. బిర్లా మందిర్ పక్కనే సైన్స్ మ్యూజియం, అందులో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. మన ఆదిలాబాద్ ప్రాంతంలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి, దాని పూర్తి శాస్త్రీయ నామం కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్‌లో ఆ ఊరి పేరు కూడా ఉంది. పక్కనే ప్లానిటోరియం, షోలు తెలుగులోనూ ఉంటాయి, ఇంగ్లిష్‌లోనూ ఉంటాయి. తాతయ్య, నాయనమ్మ వెంట ఉంటే తెలుగు షో టైమ్ ముందుగా కనుక్కుని, దాన్ని బట్టి గుడి ముందా డైనోసార్ ముందా అన్నది తేల్చుకోండి.