"కళ్లు బాగానే ఉన్నాయి కదా సిస్టర్": నెలలు నిండని బిడ్డలు, అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో నర్సుగా పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. బిడ్డను ఇంటికి పంపే రోజు డిశ్చార్జి కాగితం మీద ఎర్ర పెన్నుతో ఒక తేదీ రాస్తాను. దాని చుట్టూ గీత గీసి, తల్లి చేత పైకి చదివిస్తాను. అది కంటి పరీక్ష తేదీ. గత వారం ఆ పరీక్షకు రావలసిన ముగ్గురిలో ఇద్దరు రాలేదు. ఫోను చేస్తే రెండిళ్ల నుంచీ ఒకటే జవాబు: "కళ్లు బాగానే ఉన్నాయి కదా సిస్టర్, మా వైపే చూస్తున్నాడు."

ఈ మాట వినీ వినీ ప్రాణం విసిగిపోయింది.

అపోహ: బిడ్డ కళ్లు తెరిచి చూస్తుంటే చూపు ఉన్నట్టే

కానే కాదు. కంటి లోపల వెనుకవైపు, వెలుగును పట్టుకునే పొర రెటీనా. దానికి రక్తనాళాలు కడుపులో ఉండగా పదహారో వారం ప్రాంతంలో మొదలవుతాయి. కంటి నరం దగ్గర నుంచి అంచుల వైపు మెల్లగా పాకుతూ, పూర్తిగా చేరుకునేసరికి దాదాపు 40 వారాలు పడుతుంది. 30 వారాలకే పుట్టిన బిడ్డకు ఆ పని మధ్యలో ఆగి ఉంటుంది. మిగిలింది బయట, మన యంత్రాల మధ్య పూర్తి కావాలి. చాలామందిలో సవ్యంగానే పూర్తవుతుంది. కొందరిలో మాత్రం నాళాలు దారి తప్పి, పిచ్చితీగల్లా అల్లుకుని, మచ్చ కట్టి రెటీనాను పట్టి లాగుతాయి. అదే ఆర్ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ), నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కంటి జబ్బు. ఇందులో కన్ను ఎర్రబడదు, నీరు కారదు, పుసి కట్టదు. కంటిపాప తెల్లబడి ఇంట్లోవాళ్లకు అనుమానం వచ్చేనాటికి చేయగలిగింది చాలా తక్కువ.

ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక బాబును నేను మరచిపోలేను. 31 వారాలకు పుట్టాడు, 1,400 గ్రాములు. ఇరవై అయిదో రోజున ఇంటికి పంపాము. పరీక్ష ఇరవై తొమ్మిదో రోజున. ఆ రోజు అమావాస్య అని ఆగారు, ఆ తర్వాత ఆ సంగతే మరచిపోయారు. ఐదో నెలలో జలుబు చేసిందని తీసుకొచ్చారు. నేను టార్చి వేస్తే కన్ను చికిలించలేదు. నా ముఖం చూసి తల్లి కంగారుపడి గాజులు ఆడించింది. వాడు వెంటనే అటు తల తిప్పాడు. "చూశారా సిస్టర్, చూస్తున్నాడు" అంది. అంతలో తనకే ఏదో తట్టినట్టుంది. గాజులను రెండో చేత్తో అదిమిపట్టుకుని, చప్పుడు చేయకుండా వాడి ముఖం ముందు వంగి నవ్వింది. వాడు కదలలేదు. హైదరాబాదుకు పంపాము. రెండు కళ్లలోనూ రెటీనా ఊడిపోయిందని చెప్పారు.

ఆమె తప్పు లేదు. తేదీ ఇచ్చాముగానీ, అది దాటితే ఏమవుతుందో ఆమెకు మాలో ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. అప్పటి నుంచే నేను ఎర్ర పెన్ను పట్టుకున్నాను.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. 34 వారాల లోపు పుట్టినా, పుట్టినప్పుడు రెండు కిలోల లోపు ఉన్నా ఈ పరీక్ష తప్పనిసరి. ఆ తర్వాత పుట్టినా, ఎక్కువ రోజులు ఆక్సిజన్ మీదో ఇన్ఫెక్షన్‌తోనో ఉన్న బిడ్డకు డాక్టరు చెబితే చేయించాలి. మొదటి పరీక్ష పుట్టిన 30 రోజుల లోపు జరగాలి. 28 వారాల లోపు పుట్టినవాళ్లకు, 1,200 గ్రాముల లోపు ఉన్నవాళ్లకు ఇంకా ముందే, రెండు మూడు వారాలకే. రోజులు లెక్కపెట్టాల్సింది పుట్టిన రోజు నుంచి. ఇంటికి వెళ్లిన రోజు నుంచి లెక్కవేసుకుని ఆలస్యమైనవాళ్లు నాకు ఎంతోమంది తెలుసు.

ఒక్క పరీక్షతో అయిపోదు. "మొదటిసారి ఏమీ లేదన్నారు" అని మానేసేవాళ్లూ ఉన్నారు. నాళాలు అంచుకు చేరాయని కంటి డాక్టరు చెప్పేవరకు వారానికో రెండు వారాలకో వెళ్తూనే ఉండాలి. చికిత్స అవసరమంటే రెండు మూడు రోజుల్లో లేజరో ఇంజెక్షనో జరిగిపోవాలి. అక్కడ మంచిరోజు కోసం చూడవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

పరీక్షలో బిడ్డ ఏడుస్తుంది, నిజమే. ముందు కంటిపాప పెద్దదయ్యే చుక్కలు, తర్వాత మొద్దుబారే చుక్కలు వేసి, రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెడతారు. ఆ క్లిప్పు చూసి బయటికి పరుగెత్తిన అమ్మమ్మలున్నారు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

ఇక పురుడు సంగతి. ఇరవై ఒకటో రోజు కాకముందు, నెల నిండకముందు బాలింత గడప దాటకూడదంటారు. ఆ పట్టింపు తల్లికి విశ్రాంతి దొరకాలని పెట్టుకున్నదే, నాకూ గౌరవమే. కానీ పరీక్ష గడువు సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంది. తల్లి రాలేకపోతే పిండిన పాలు ఇచ్చి అమ్మమ్మతో పంపండి. 2024 ఫిబ్రవరిలో బండ్లన్నీ మేడారం జాతరకు పోతుంటే, మంగపేట నుంచి ఒక నాయనమ్మ ఎదురు దారిలో బిడ్డను గుండెకు కట్టుకుని వచ్చింది. ఆ పాపకు లేజరు అవసరమైంది, సమయానికి అందింది. ఇప్పుడు నేల మీద చీమను చూపిస్తే పట్టుకుంటుందట.

అపోహ: ఆక్సిజన్ పెట్టడం వల్లే కళ్లు పోతాయి, తీసేయండి

1940ల్లో, 50ల మొదట్లో అమెరికాలో అదుపు లేకుండా ఆక్సిజన్ ఇచ్చి ఎంతోమంది పిల్లల చూపు పోగొట్టిన మాట నిజం. భయపడి బాగా తగ్గించేస్తే, ఆ తర్వాత ప్రాణాలే పోయాయి. ఇప్పుడు బిడ్డ పాదానికి కట్టిన ఎర్ర లైటుతో రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలుస్తూ, ఆక్సిజన్ మీద ఉన్నంతవరకు దాన్ని 90 నుంచి 95 శాతం మధ్య ఉంచుతాము. కాబట్టి తెర మీద 93 చూసి ఏడవకండి, 100 కావాలని మమ్మల్ని బతిమాలకండి.

అపోహ: ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు

తప్పు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఈ మాట పట్టుకుని ఎనిమిదో నెల తల్లి ముందే ఆశ వదులుకోమని చెప్పే బంధువులను చూస్తే నాకు కోపం ఆగదు.

అపోహ: బిడ్డ నోరు పెట్టనిదే పాలు పడవు

రాత్రుళ్లు సహా రెండు మూడు గంటలకోసారి చేత్తో పిండితే పడతాయి. మొన్న ఒక తల్లి సిరంజిలో మూడు మిల్లీలీటర్ల ముర్రుపాలు తెచ్చి, ఇంతే వచ్చాయని తలదించుకుంది. ఆమె బిడ్డకు ఆ పూట పట్టాల్సింది ఒక్క మిల్లీలీటరు. మూడు పూటలకు సరిపోయాయి.

అపోహ: ముట్టుకుంటే ఇన్ఫెక్షన్

చేతులు సరిగా కడుక్కుని, మేము చెప్పినప్పుడు ముట్టుకోండి. ఒంటికి ఒళ్లు తగిలేలా గుండె మీద కంగారూలా పెట్టుకోండి, తండ్రులు కూడా.

ప్రాణం లేని బిడ్డను వెంటిలేటర్ మీద ఉంచి బిల్లు వేస్తారని వాట్సాప్‌లో తిరిగేవాటికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. లోపలికి రండి, బిడ్డ ఛాతీ మీ కళ్లతో చూడండి, డాక్టరును అడగండి.

రాత్రి రెండింటికి అద్దం దగ్గర నిలబడి "బొప్పాయి తిన్నాను సిస్టర్, అందుకేనా?" అని అడిగే తల్లులకు మాత్రం ఎన్నిసార్లయినా చెబుతాను: మీరు తిన్న పండు ముక్క వల్ల ఇది జరగలేదు.

గత వారం రాని ఇద్దరిలో ఒకరు నిన్న వచ్చారు. రెండో ఇంట్లో ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. బిడ్డకు ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులు. వాళ్ల ఊరి ఆశా కార్యకర్త నంబరు సంపాదించాను. రేపు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్తానని చెప్పింది.