గాలి తిరిగిన రాత్రి నిలబడే లంగరు

పన్నెండు మీటర్ల తెరచాప పడవ సామానుతో కలిపి ఏడెనిమిది టన్నులు తూగుతుంది. రాత్రంతా దాన్ని ఒకేచోట ఆపి ఉంచే లంగరు బరువేమో ఇరవై కిలోలు, మహా అయితే పాతిక. పడవ బరువులో మూడు వందలో వంతు అటూ ఇటూ. పైగా ఉక్కు నీళ్లలో మునిగితే తన బరువులో దాదాపు ఎనిమిదో వంతు కోల్పోతుంది. మరి ఇంత చిన్న ఇనుప ముక్క అంత పెద్ద పడవను ఎలా ఆపుతోంది? ఆపేది సముద్రం అడుగున ఉన్న మట్టి. లంగరు ఆ మట్టిలోకి దిగి, తన ముందున్న పెద్ద ముద్దను పడవకు కట్టేస్తుంది, అంతే. ఈ ఒక్క విషయం మనసుకు పట్టిందంటే లంగరు కొనేటప్పుడు చూసే చూపు మారిపోతుంది.

తడి ఇసుకలో అరచేతిని రెండు వేళ్ల లోతున నిలువుగా గుచ్చి లాగి చూడండి, సులువుగా వచ్చేస్తుంది. అదే చేతిని మణికట్టు దాకా దించి లాగితే భుజం నొప్పెడుతుంది. ఇసుక రేణువుల మధ్య ఘర్షణ, వాటి మీద పడే బరువుతో పాటు పెరుగుతుంది, కాబట్టి లోతుకు పోయే కొద్దీ ఇసుక గట్టిగా ఎదురు తిరుగుతుంది, పైగా లోతుగా దిగిన లంగరు కదలాలంటే తన ముందున్న ఇంకా పెద్ద ఇసుక ముద్దను తోసుకుంటూ కదలాలి. బంకమట్టి కథ కొంచెం వేరు, అక్కడ ఘర్షణ కన్నా మట్టి తనకు తాను అంటుకుని ఉండే జిగురే ముఖ్యం. రెండు చోట్లా మనకు కావలసింది మాత్రం ఒకటే, లాగే కొద్దీ ఇంకా లోపలికి దిగే లంగరు. మంచి ఇసుకలో బాగా దిగిన 20 కిలోల ఆధునిక లంగరు ఒక టన్నుకు మించిన లాగుడును కూడా ఆపగలదు. అదే లంగరు నున్నటి బండ మీద పడితే, పడవ దాన్ని గచ్చు మీద బకెట్‌లా ఈడ్చుకుపోతుంది.

అసలు ఎంత లాగుడు వస్తుంది? గాలి తోసే బలం దాని వేగం వర్గంతో పెరుగుతుంది, వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. పన్నెండు మీటర్ల పడవ ముందు నుంచి గాలికి అడ్డుపడే వైశాల్యాన్ని పదకొండు చదరపు మీటర్లు అనుకుని లెక్క కడితే, 15 నాట్ల (అంటే గంటకు దాదాపు 28 కిలోమీటర్ల) గాలికి దాదాపు 45 కిలోల బరువంత లాగుడు, 30 నాట్లకు 180, 60 నాట్లకు 720. పడవ కుదురుగా గాలికి ఎదురు నిలబడితే లెక్క ఇది. కానీ లంగరు మీదున్న పడవ అలా నిలబడదు, గాలిపటంలా ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి కొట్టుకుంటూ పక్క భాగాన్ని గాలికి చూపిస్తుంది, అల వచ్చినప్పుడల్లా ముందు భాగం పైకి లేచి గొలుసును గుంజుతుంది. ఆ కుదుపుల్లో లాగుడు పై అంకెలకు కొన్ని రెట్లు కూడా అవుతుంది. అందుకే 15 నాట్ల గాలిలో ‘నా లంగరు ఎప్పుడూ జారలేదు’ అని చెప్పేవారి మాటను నేను సాక్ష్యంగా తీసుకోను. ఆ గాలికి దాదాపు ఏ లంగరైనా ఆగుతుంది.

ఆకారం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. బొమ్మల్లో కనిపించే పాతకాలపు లంగరుకు రెండు కొక్కేలు, పైన అడ్డకర్ర ఉంటాయి. ఒక కొక్కెం నేలలో దిగితే రెండోది పైకి పొడుచుకుని ఉంటుంది, పడవ తిరిగినప్పుడు గొలుసు దానికి చుట్టుకుని లంగరునే పెరికేస్తుంది. దిగిన కొక్కెం కూడా సన్నది, కాబట్టి పట్టు కోసం బరువు పెంచుకుంటూ పోవాల్సి వచ్చేది. రాళ్ల మధ్య, దట్టమైన నాచులో అది ఇప్పటికీ పనికొస్తుంది, కానీ రోజువారీ వాడకానికి కాదు.

దీన్ని మార్చినవాడు ఒక భౌతిక శాస్త్రవేత్త కావడం నాకు చాలా ఇష్టమైన సంగతి. ద్రవాల ప్రవాహం, సుడుల మీద పనిచేసి పేరు తెచ్చుకున్న బ్రిటన్ శాస్త్రవేత్త జెఫ్రీ ఇంగ్రామ్ టేలర్‌కు పడవ ప్రయాణం అంటే ప్రాణం, 1927లో తన పడవలో నార్వే ఉత్తరాన ఉన్న లోఫోటెన్ దీవుల దాకా వెళ్లొచ్చాడు. అంత బరువైన లంగరును మోయడం ఎందుకని ఆలోచించి 1933లో నాగలి ఆకారపు లంగరు తయారుచేశాడు, దానికి సీక్యూఆర్ అని పేరు పెట్టాడు. ఆ అక్షరాలను గబగబా పలికితే ‘సెక్యూర్’ అని వినిపిస్తుంది. దాని పట్టు ఎక్కడి నుంచి వస్తుందో శాస్త్రీయంగా విశ్లేషించి పత్రం కూడా రాశాడు. లంగరు అంటే బరువు అనుకునే రోజుల్లో అది నేలకూ ఆకారానికీ సంబంధించిన సమస్య అని చూపించిన మనిషి ఆయన. ఆ తర్వాత దశాబ్దాల పాటు దూరప్రయాణాల పడవల ముందు భాగాన ఆ నాగలే వేలాడింది.

కానీ నాగలి అసలు దేనికోసం పుట్టింది? మట్టిని రెండు పక్కలకూ చీల్చుకుంటూ ముందుకు సాగడానికి. లాగుడు మరీ ఎక్కువైతే నాగలి లంగరు కూడా ఆ పనే చేస్తుంది, ఆగకుండా చాలు తీసుకుంటూ నెమ్మదిగా జారుతుంది. 1980ల్లో వచ్చిన డెల్టా, సీక్యూఆర్‌లోని కీలు తీసేసి, మొన మీద బరువు పెంచి కొంత మెరుగైంది, అయినా దాని వీపు కుంభాకారమే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వచ్చిన డాన్‌ఫోర్త్‌ది వేరే దారి. సైనికులను దింపిన పడవలు ఒడ్డు నుంచి తమను తాము వెనక్కి లాక్కోవడానికి దాన్ని వాడారు. రెండు వెడల్పాటి పలకలు, బరువు తక్కువ, ఇసుకలోనూ బురదలోనూ అద్భుతమైన పట్టు. 1970ల్లో పీటర్ బ్రూస్ చేసిన పంజా లాంటి లంగరు ఎక్కడ పడేసినా చటుక్కున దిగుతుంది, కానీ బరువుకు తగ్గ పట్టు ఇవ్వదు.

అసలు మలుపు పలకను తిరగేయడంతో వచ్చింది. కుంభాకారం బదులు పుటాకారం, అంటే నాగలి బదులు పార. మట్టిని పక్కలకు తొయ్యకుండా లోపలికి తీసుకుని అదిమి పట్టుకుంటుంది. జర్మనీలో వచ్చిన బూగెల్ లంగరుకు పలక బల్లపరుపే అయినా, దాని వెనక ఒక వంపు కమ్మీ పెట్టారు, బోర్లా పడితే ఆ కమ్మీ మీద దొర్లి మొన నేలకు ఆనేలా. 1990ల్లో ఫ్రాన్స్‌కు చెందిన అలెన్ పొయిరో తయారుచేసిన స్పేడ్‌లో కమ్మీ బదులు మొనలో సీసం నింపారు. లంగరు మొత్తం బరువులో సగం దాకా ఆ మొన మీదే పడుతుంది, దాంతో గట్టి నేలలోనూ గుచ్చుకుంటుంది. 2000ల్లో న్యూజిలాండ్‌లో పీటర్ స్మిత్ తయారుచేసిన రొక్నా ఈ రెండింటినీ కలిపింది, పుటాకార పలక, పైన కమ్మీ. మాన్సన్ సుప్రీమ్, మాంటస్ కూడా ఈ కుటుంబానివే. ఓడలకు యోగ్యతా పత్రాలిచ్చే సంస్థల దగ్గర ‘సూపర్ హై హోల్డింగ్ పవర్’ అనే తరగతి ఉంది, అదే బరువున్న మామూలు ఓడ లంగరు కన్నా కనీసం నాలుగింతల పట్టు చూపిస్తేనే ఆ ముద్ర పడుతుంది. కొత్త తరం లంగర్లలో చాలా వాటికి అది ఉంది, కొనేముందు అడిగి చూసుకోండి.

పరీక్షల్లో వచ్చే గరిష్ఠ పట్టు అంకెలు చూసి లంగరు ఎంచుకోవడం మాత్రం సరికాదనే నా అభిప్రాయం. ఆ పరీక్షల్లో చాలావరకు ఒకే దిశలో తిన్నగా లాగుతారు. సాయంత్రం దక్షిణపు గాలిలో లంగరు వేసి పడుకున్నారు, రాత్రి రెండింటికి ఉరుములతో గాలి ఉత్తరానికి తిరిగింది అనుకోండి. ఇప్పుడు పడవ లంగరు పైనుంచి దాటి అవతలికి వెళ్లిపోతుంది, గొలుసు లంగరును వెనక నుంచి లాగుతుంది. ఈ సమయంలో లంగరు నేలలోనే మెల్లగా తిరగాలి, లేదా బయటికొచ్చి వెంటనే మళ్లీ దిగాలి, మీరు నిద్రలో ఉండగానే. డాన్‌ఫోర్త్ రకం విఫలమయ్యేది ఇక్కడే. ఊడివచ్చినప్పుడు పలకల కీలు దగ్గర ఒక గవ్వో రాయో ఇరుక్కుంటే చాలు, పలకలు తెరుచుకోవు, ఇక అది నేల మీద జారుతూ పోవడమే. ఒకే దిశలో ఎంత గొప్పగా పట్టినా దాన్ని ప్రధాన లంగరుగా నేను పెట్టుకోను. అదే సూత్రంతో అల్యూమినియంలో చేసిన ఫోర్ట్రెస్ మాత్రం రెండో లంగరుగా ఎంతో విలువైనది. చిన్న పడవలో వేసుకుని తెడ్లతో తీసుకెళ్లి దించేంత తేలిక, మెత్తటి బురదలో పలకల కోణాన్ని 32 డిగ్రీల నుంచి 45కి మార్చుకోవచ్చు.

ఇక గొలుసు. లంగరు దిగాలంటే లాగుడు నేలకు వీలైనంత సమాంతరంగా ఉండాలి, అందుకే లోతుకు కొన్ని రెట్ల పొడవు వదులుతారు. దీన్నే స్కోప్ అంటారు. గొలుసు పూర్తిగా బిగిసి తిన్నగా అయిపోయిందనుకుంటే, మూడు రెట్లు వదిలినప్పుడు అది నేలతో చేసే కోణం 19 డిగ్రీలు, ఐదు రెట్లకు పదకొండున్నర, ఏడుకు 8, పదికి దాదాపు 6. మూడు నుంచి ఐదుకు వెళ్తే వచ్చే లాభం పెద్దది, ఏడు దాటాక వచ్చేది కొసరు మాత్రమే. లెక్కలో జరిగే పొరపాటు లోతు దగ్గర ఉంటుంది. నీళ్లు 4 మీటర్లు, ఐదు రెట్లంటే 20 మీటర్లు, సరిపోయింది అనుకుంటారు. గొలుసు బయటికొచ్చే చోటు నీటికి మీటరు పైన ఉందని, రాత్రికి ఆటు పోటు వల్ల నీళ్లు 2 మీటర్లు పెరుగుతాయని మర్చిపోతారు. అప్పుడు అసలు లోతు 7 మీటర్లు, వదిలిన 20 మీటర్లు దానికి మూడు రెట్లు కూడా కాదు. వదలాల్సింది 35.

బరువైన గొలుసు వేలాడుతూ వంపుగా ఉంటే లాగుడు నేల బారున ఉంటుంది, కుదుపులను కూడా మింగుతుంది, ఇది నిజమే, కానీ మామూలు గాలిలో. గాలి 40 నాట్లు దాటేసరికి ఆ వంపు దాదాపు మాయమై గొలుసు కర్రలా బిగుస్తుంది, నీళ్ల లోతు తక్కువైతే ఇంకా ముందే, ఎందుకంటే అక్కడ వదిలిన గొలుసే తక్కువ. అంటే సాయం ఎక్కువ కావలసిన రాత్రే గొలుసు బరువు చేతులెత్తేస్తుంది. అందుకే ఆ బరువును లంగరులో పెట్టమంటాను. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు దాదాపు 2.3 కిలోలు, 8 మిల్లీమీటర్లది 1.4. అరవై మీటర్లకు 50 కిలోలకు పైగా తేడా. మెరుగైన ఉక్కుతో చేసిన 8 మిల్లీమీటర్ల గొలుసు, మామూలు 10 మిల్లీమీటర్ల దానికన్నా బలంగానే ఉంటుంది. పైగా సన్నని గొలుసు లంగరుతో పాటు నేలలోకి సులువుగా దిగుతుంది, లావు గొలుసు అడ్డుపడుతుంది. మిగిలిన బరువులో పదో పదిహేనో కిలోలు ఖర్చుపెట్టి, తయారీదారు పట్టికలో మీ పడవకు రాసిన దానికన్నా ఒక సైజు పెద్ద లంగరు తీసుకోండి. గొలుసును చుట్టే విండ్‌లాస్ చక్రం కొత్త సైజుకు సరిపోవాలి, అది ముందే చూసుకోవాలి. కుదుపుల కోసం పది మీటర్ల నైలాన్ తాడును గొలుసుకు తగిలించి రెండో కొసను పడవకు కట్టండి. నైలాన్ సాగుతుంది, గొలుసు సాగదు.

మొన ఎంత పదునైనా గడ్డి దుబ్బుల మీద పడితే లంగరు నేలను అందుకోవడమే కష్టం. మధ్యధరా సముద్రంలోని పొసిడోనియా గడ్డి మీదైతే లంగరు వెయ్యడమే చాలాచోట్ల నిషేధం, అది చేపలు పెరిగే నర్సరీ, ఒకసారి పెరికితే మళ్లీ ఎదగడానికి ఏళ్లు పడుతుంది. పగడపు దిబ్బల మీదా వెయ్యకూడదు. నీలి నీళ్ల మధ్య లేత రంగులో కనిపించే ఇసుక మచ్చ వెతుక్కోవాలి. పాతకాలం నావికులు లోతు కొలిచే సీసపు గుండు అడుగున కొవ్వు పూసి దించేవారు, దానికి అంటుకొచ్చిన ఇసుకో బురదో గవ్వలో చూసి అడుగు ఎలా ఉందో తెలుసుకునేవారు.

మంచి లంగరు చెడ్డ చోటును మంచిగా మార్చలేదు. 1982 డిసెంబరులో మెక్సికోలోని కాబో సాన్ లుకాస్ దగ్గర తుఫాను గాలి సముద్రం వైపు నుంచి ఒడ్డుకు తిరిగింది. లంగరు వేసుకుని ఇరుకుగా నిలబడ్డ పడవల్లో ఇరవైకి పైగా ఒక్క రాత్రిలో ఒడ్డున పడ్డాయి, ఒకటి జారి ఇంకొకదాని గొలుసును ఊడబెరుకుతూ. వాటిలో ఫ్రెంచ్ నావికుడు బెర్నార్డ్ మొయితెసియే పడవ ‘జాషువా’ కూడా ఉంది, ఒంటరిగా ప్రపంచం చుట్టిన ఉక్కు పడవ అది.

కొనేముందు అట్టముక్కతో లంగరు ఆకారం కత్తిరించి మీ పడవ ముందు భాగంలో పెట్టి చూడండి, కమ్మీ ఉన్నవి కొన్ని పడవల్లో పట్టవు. కాడ, అంటే పలకను గొలుసుకు కలిపే పొడవాటి భాగం, ఏ ఉక్కుతో చేశారో అడగండి, గాలి తిరిగినప్పుడు పక్క నుంచి పడే లాగుడుకు వంగిపోయేది అదే. లంగరునూ గొలుసునూ కలిపే షాకిల్ మీద తయారీదారు బలం అంకె ఉందో లేదో చూడండి, దాని పిన్ను ఊడకుండా తీగ చుట్టండి.

ఇక వేసేటప్పుడు, పడవ పూర్తిగా ఆగాక లంగరు దించి, గాలికి వెనక్కి పోతుండగా గొలుసును కుప్ప పడకుండా నేల మీద పరుస్తూ వదలండి. కాసేపు ఆగి, ఇంజన్‌ను రివర్స్‌లో నెమ్మదిగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. ఆ సమయంలో పాదం గొలుసు మీద ఆనించి ఉంచండి. గరగరమని వణుకు తగిలితే లంగరు జారుతోంది, గొలుసు బిగుసుకుని కదలకుండా ఉండి, ఒడ్డున ఒకే వరసలో కనిపిస్తున్న చెట్టూ రాయీ ఆ వరస తప్పకపోతే అది దిగింది.