పాత ఫోర్ బై ఫోర్‌కి ఇంట్లోనే సస్పెన్షన్ లిఫ్ట్: అపోహలు, వాస్తవాలు

సస్పెన్షన్ లిఫ్ట్ అంటే ఇంకా ఎత్తైన స్ప్రింగులు వేసి బండి బాడీని పైకి లేపడం. కమాన్లు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) విప్పి కొత్తవి బిగించడం అంత కష్టమేమీ కాదు. చేతిలో పనితనం ఉన్న ఇద్దరు కూర్చుంటే అయిపోతుంది. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. యాక్సిల్‌కీ (చక్రాల ఇరుసు) ఛాసిస్‌కీ (బండి చట్రం) మధ్య ఉన్న ప్రతి భాగమూ, బ్రేక్ హోస్ నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని యాక్సిల్‌కి చేర్చే కడ్డీ) దాకా, పాత ఎత్తుకి లెక్కగట్టి పెట్టిందే. లిఫ్ట్ తర్వాత బండి ఊగుతోంది, స్టీరింగ్ నిలవడం లేదు, కింద వణుకు వస్తోంది అంటున్నారంటే, చాలాసార్లు వీటిలో ఏదో ఒకదాన్ని సరిచేయకుండా వదిలేసినట్టే. ఇక్కడి మాటలు ముఖ్యంగా ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు) ఉన్న పాత బళ్లకి వర్తిస్తాయి.

అపోహ: లిఫ్ట్ చేస్తే ఇక కింద రాళ్లు తగలవు.

వాస్తవం: డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల పెట్టె) నేలకి ఎంత ఎత్తులో ఉండాలో తేల్చేది టైరు. లిఫ్ట్ వల్ల ఛాసిస్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేర్ల పెట్టె), ట్యాంకు పైకి లేస్తాయి, గట్టు ఎక్కేటప్పుడు బంపర్ గీసుకోవడం తగ్గుతుంది, పెద్ద టైరుకి చోటు దొరుకుతుంది. యాక్సిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 29 అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే వ్యాసం 2 అంగుళాలు పెరిగినా డిఫరెన్షియల్ కింద పెరిగేది ఒక్క అంగుళమే. అందుకే ముందు టైరు ఖాయం చేసుకుని, దానికి ఎంత లిఫ్ట్ కావాలో చూసుకోవాలి. ఇంట్లో చేసే పనికి రెండు, రెండున్నర అంగుళాలు చాలన్నది మా అభిప్రాయం. అది దాటితే ప్రతి అర అంగుళానికీ ఇంకో భాగం మార్చాల్సి వస్తుంది.

అపోహ: హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి జాకీ ఎత్తితే బండి కదలదు.

వాస్తవం: ప్రాణం మీదకి తెచ్చే అపోహ ఇదే. పాత ల్యాండ్ రోవర్ లాంటి కొన్ని బళ్లలో హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక షాఫ్ట్‌ని పట్టి ఉంచుతుంది. వెనక ఒక చక్రం గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని తిరగనిస్తుంది, నేల మీదున్న రెండోది దొర్లుతుంది, బండి కదులుతుంది. గేర్‌లో పెట్టినా అంతే, అది పట్టి ఉంచేదీ షాఫ్ట్‌నే. నేల మీద ఉండే చక్రాలకి ముందూ వెనకా గట్టి దిమ్మలు పెట్టాలి. స్టాండ్లు యాక్సిల్ కింద కాదు, ఛాసిస్ కింద పెట్టాలి, యాక్సిల్ కిందికి దిగాలి కాబట్టి. ఆ యాక్సిల్‌ని దించడానికి, ఎత్తడానికి విడిగా ఒక ట్రాలీ జాకీ ఉండాలి. నేల సమతలంగా, కాంక్రీటుదై ఉండాలి. మట్టి నేల మీద స్టాండ్ కాళ్లు దిగబడతాయి. ఇటుకలు పేర్చి వాటి మీద బండి నిలబెట్టకండి, బరువుకి ఇటుక ఒక్కసారిగా పగులుతుంది.

అపోహ: బోల్టులన్నీ వరసగా గట్టిగా బిగించుకుంటూ పోతే పని పూర్తయినట్టే.

వాస్తవం: ఇంట్లో చేసిన లిఫ్టుల్లో బాగా కనబడే తప్పు ఇదే, అందుకే కాస్త వివరంగా చూద్దాం.

కమాను కంట్లో (కొసన చుట్టిన రింగులో) ఉండే రబ్బరు బుష్‌కి లోపల ఇనుప స్లీవ్ ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ స్లీవ్ బ్రాకెట్‌కి అతుక్కుపోతుంది. కమాను ఆడేటప్పుడు స్లీవ్ తిరగదు, రబ్బరు మెలి తిరుగుతుంది. యాక్సిల్ వేలాడుతున్నప్పుడే బోల్టు పూర్తిగా బిగించేస్తే, బండి కిందికి దిగి మామూలు ఎత్తులో నిలబడ్డప్పుడు రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది. రైడ్ బిర్రుగా ఉంటుంది, ఎత్తు రెండు వైపులా సమానంగా రాదు, కొన్ని నెలలకే బుష్ చిరిగిపోతుంది.

సరైన వరస ఇది. పని మొదలుపెట్టే ముందే నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. మూడు నాలుగు రోజుల ముందు నుంచీ ప్రతి బోల్టుకీ తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉండండి. ఒక్కో యాక్సిల్‌కి ఒక్కో వైపే విప్పండి. అప్పుడు రెండో వైపు కమాను యాక్సిల్‌ని జరగకుండా పట్టి ఉంచుతుంది. కొత్త కమాను స్థిరంగా ఉండే కన్నుని ముందు బ్రాకెట్‌లో పెట్టి, తర్వాత షాకిల్ (కమాను రెండో కొసని ఛాసిస్‌కి కలిపే, ఊగే లింకు) వైపు ఎక్కించండి. నట్లు చేత్తో తిరిగినంతే తిప్పండి. జాకీతో యాక్సిల్‌ని పైకి తెచ్చేటప్పుడు సెంటర్ బోల్టు (కమాను పట్టీలని మధ్యలో కలిపి పట్టే బోల్టు) తల యాక్సిల్ ప్యాడ్ రంధ్రంలో పూర్తిగా కూర్చుందో లేదో టార్చి వేసి చూడండి. అది అంచు మీద నిలిచి ఉండగా యూ బోల్టులు (కమానుని యాక్సిల్‌కి కట్టే U ఆకారపు బోల్టులు) బిగిస్తే యాక్సిల్ వంకరగా నిలుస్తుంది, తర్వాత ఎప్పుడో సెంటర్ బోల్టు తెగుతుంది. యూ బోల్టుల నాలుగు నట్లనీ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, నట్ పైన కనబడే మరలు నాలుగింటికీ సమానంగా ఉండేలా చూసుకోవాలి. ఇక చక్రాలు వేసి, బండిని నేల మీదకి దించి, బంపర్ పట్టుకుని నాలుగైదుసార్లు ఊపి, బరువంతా చక్రాల మీద ఉండగా కన్ను బోల్టులూ షాకిల్ బోల్టులూ టార్క్ రెంచ్‌తో బిగించండి. టార్క్ అంకె కిట్‌తో వచ్చిన కాగితంలోదో, బండి మాన్యువల్‌లోదో అయి ఉండాలి.

పాత బండిలో కన్ను బోల్టు స్లీవ్‌లో తుప్పుపట్టి ఊడి రాకపోతే సుత్తితో బాదితే బ్రాకెట్ వంగుతుంది. బోల్టుని రెండు పక్కలా కోసేయడమే మంచిది. వెనక కమాను ముందు కన్ను పక్కనే ఇంధన ట్యాంకు ఉండే బళ్లు చాలా ఉన్నాయి. అక్కడ గ్రైండర్ నిప్పురవ్వలు, గ్యాస్ మంట రెండూ వద్దు, రంపంతో కోయండి. కొత్త బోల్టులు ముందే తెచ్చి పెట్టుకోండి.

అపోహ: పాత యూ బోల్టులు బాగానే ఉన్నాయి, మళ్లీ వాడొచ్చు.

వాస్తవం: వాడకూడదు. బిగించినప్పుడు అవి సాగుతాయి, మరలు ఆ నట్‌కి అలవాటుపడి ఉంటాయి. మళ్లీ బిగిస్తే రెంచ్ టార్క్ చూపించినా పట్టు అంత రాదు. కొత్తవి కూడా మొదటి 100 కిలోమీటర్లకి ఒకసారి, 500కి ఒకసారి మళ్లీ టార్క్ చూడాలి. కమాను పట్టీల మధ్య రంగూ దుమ్మూ నలిగి కట్ట సర్దుకునేసరికి నట్లు వదులవుతాయి.

అపోహ: పొడుగు షాకబ్జర్లు వేస్తే బండి లేస్తుంది.

వాస్తవం: ఎత్తు ఇచ్చేది స్ప్రింగు. మామూలు షాక్ పని ఊపుని ఆపడమే. అయితే లిఫ్ట్ చేశాక పొడుగువి కావాలన్నది నిజం. పాతవి ఉంచేస్తే యాక్సిల్ కిందికి జారినప్పుడల్లా బరువు షాక్ మీద పడి దాని బుషో, పిన్నో ఊడుతుంది. మరీ పొడుగువి వేస్తే గుంతలో పడ్డప్పుడు షాక్ లోపల అడుగు తాకి పాడవుతుంది. అందాజాగా కొనకండి. యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం, బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తాకినప్పటి దూరం కొలవండి. రెండు కొసల్లోనూ 20-25 మిల్లీమీటర్లు మిగిలేలా షాక్ ఎంచుకోండి. పైకొస్తే టైరు ఫెండర్‌కి తాకుతుందనుకుంటే బంప్ స్టాప్ కూడా పొడిగించాలి.

అపోహ: పొడుగు షాకిళ్లు, బ్లాకులు (కమానుకీ యాక్సిల్‌కీ మధ్య పెట్టే దిమ్మలు) చవగ్గా అదే పని చేస్తాయి.

వాస్తవం: షాకిల్ ఒక అంగుళం పెంచితే బండి లేచేది అర అంగుళమే. పైగా యాక్సిల్ తిరుగుతుంది. ముందు కమానుకి షాకిల్ ముందు వైపు ఉన్న బళ్లలో పొడుగు షాకిల్ వేస్తే కాస్టర్ (చక్రం ఏ ఇరుసు మీద మళ్లుతుందో అది వెనక్కి వాలిన కోణం) తగ్గి, తిప్పిన స్టీరింగ్ తనంతట తాను నేరుగా రాదు, రోడ్డు మీద బండి అటూ ఇటూ పోతుంది. కాస్టర్ కోసం కమాను కింద వాలు షిమ్ (ఒక పక్క మందంగా ఉండే పలక) పెడితే ముందు యాక్సిల్ పినియన్ (డిఫరెన్షియల్‌లో షాఫ్ట్ వచ్చి కలిసే గేరు) కిందికి వంగి ఆ షాఫ్ట్ కోణం పెరుగుతుంది. ఫ్రీ వీల్ హబ్బులున్న (ముందు చక్రాలని షాఫ్ట్ నుంచి విడదీయగలిగే) బండిలో ముందు షాఫ్ట్ రోడ్డు మీద తిరగదు కనుక కాస్టర్‌కే మొగ్గు చూపండి. షిమ్ ఉక్కుదే కొనండి, అల్యూమినియంవి నలిగి జారతాయి. ముందు యాక్సిల్‌కి బ్లాకులు ఎప్పటికీ వద్దు. వెనక పెట్టినా ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు.

అపోహ: స్టీరింగ్ తేడా వస్తే డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సుకి ఉండే, కిందికి వంచిన చేయి) వేస్తే సరి.

వాస్తవం: బండిని బట్టి ఉంటుంది. ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకి జరగకుండా ఛాసిస్‌కి కట్టే అడ్డకడ్డీ) లేని కమాన్ల బండిలో అది ఉపయోగమే, డ్రాగ్ లింక్ (ఆ ఆర్మ్‌ని చక్రం వైపుకి కలిపే కడ్డీ) మళ్లీ అడ్డంగా వస్తుంది. కాయిల్ స్ప్రింగులతో ట్రాక్ బార్ ఉన్న బండిలో డ్రాగ్ లింకూ ట్రాక్ బారూ ఒకే వాలులో, సమాంతరంగా ఉండాలి. ఒక్క డ్రాగ్ లింక్‌నే దించితే రెండూ వేరువేరు వంపుల్లో తిరిగి, గుంత తగిలిన ప్రతిసారీ స్టీరింగ్ లాగుతుంది. పైగా లిఫ్ట్ వల్ల ట్రాక్ బార్ యాక్సిల్‌ని ఛాసిస్‌కి బిగించిన కొస వైపు లాక్కుంటుంది. సర్దుకునే ట్రాక్ బార్ వేసి యాక్సిల్‌ని మధ్యకి తేవాలి. పిట్‌మన్ ఆర్మ్ విప్పడానికి పుల్లర్ వాడండి. సుత్తి దెబ్బలు స్టీరింగ్ బాక్సు లోపలికి తగులుతాయి.

అపోహ: బ్రేకులకీ లిఫ్టుకీ సంబంధం లేదు.

వాస్తవం: యాక్సిల్‌ని పూర్తిగా వేలాడదీసి, స్టీరింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి ప్రతి హోస్ చూడండి. ఎక్కడా బిగుసుకోకూడదు, టైరుకి రాసుకోకూడదు. వెనక యాక్సిల్ మధ్యలో ఉండే హోస్‌నీ, డిఫరెన్షియల్‌కి గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టాన్నీ చాలామంది మరిచిపోతారు. కొన్ని బళ్లలో ఛాసిస్ మీద లోడ్ సెన్సింగ్ వాల్వు (బరువుని బట్టి వెనక బ్రేకుల ఒత్తిడి మార్చేది) ఉండి, ఒక కడ్డీ దాన్ని వెనక యాక్సిల్‌కి కలుపుతుంది. లిఫ్ట్ చేశాక ఆ కడ్డీ కిందికి లాగబడి, వెనక బరువేమీ లేనట్టు వాల్వు వెనక బ్రేకులకి ఒత్తిడి తగ్గించేస్తుంది. బ్రేకులు పడుతున్నట్టే ఉంటాయి గానీ బండి ఆగే దూరం పెరుగుతుంది. యాక్సిల్ వైపు బ్రాకెట్‌ని లిఫ్ట్ ఎంతో అంత పైకి జరపాలి.

అపోహ: వణుకు వస్తే టైర్ బ్యాలెన్సింగ్ చాలు.

వాస్తవం: మొదట షాఫ్ట్ కోణాలు చూడండి. వెనక షాఫ్ట్‌కి రెండు కొసల్లోనూ ఒక్కో క్రాస్ (కోణంలో తిరగనిచ్చే యూనివర్సల్ జాయింట్) ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్టూ పినియనూ సమాంతరంగా ఉండాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు డబుల్ క్రాస్ ఉంటే పినియన్ నేరుగా షాఫ్ట్ వైపు చూస్తూ, ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉండాలి. యాంగిల్ గేజ్‌తో కొలవడం పది నిమిషాల పని.

అపోహ: ముందు టోర్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) ఉన్న బండికి దాన్ని సర్దే బోల్టు తిప్పితే చాలు, లిఫ్ట్ అయిపోయినట్టే.

వాస్తవం: ఎత్తు వస్తుంది గానీ చక్రం కిందికి జారే చోటు అంతకంత తగ్గుతుంది, సీవీ జాయింట్ల (చక్రానికి శక్తి అందించే షాఫ్ట్ కీళ్ల) కోణం పెరుగుతుంది. చక్రం కిందికి జారకుండా ఆపే పై స్టాప్ తగిలే దాకా తిప్పకండి.

అపోహ: బండి నేరుగా పోతోంది కదా, అలైన్‌మెంట్ ఎందుకు?

వాస్తవం: టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), కాస్టర్ రెండూ కొలిపించాలి, హెడ్‌లైట్లు కిందికి దించాలి. కొత్త కమాన్లు కొన్ని వారాల్లో కాస్త దిగుతాయి, కాబట్టి మొదట రాసుకున్న నాలుగు కొలతలూ అప్పుడు మళ్లీ తీయండి. 29 నుంచి 31కి టైరు మారిస్తే స్పీడోమీటర్ 100 చూపించేటప్పుడు బండి దాదాపు 107లో పోతుంటుంది. మూలమలుపుల్లో ఎత్తు పెరిగిన బండి పాతదానికంటే తొందరగా ఒరుగుతుంది కాబట్టి, ఆ తేడా గుర్తుంచుకుని వేగం తగ్గించండి.