చిరుతతో మాట్లాడిన పిల్లవాడి గురించి

చిత్తూరు

పిల్లలకు ఆశీస్సులు.

మీ కథ రెండుసార్లు చదివాను. అలిపిరి మెట్ల దారిలో చిరుత అడ్డం వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చదివాను. అంతలో మీ కథలోని పిల్లవాడికి చిరుత భాష వచ్చేసింది! నా టెన్షన్ అంతా పోయింది. అప్పటిదాకా అంత బాగా రాశారే అని బాధ కూడా కలిగింది. మలుపు పెట్టడం తప్పు కాదు. ఆ విద్య వాడికి ఉన్నట్టు ముందెక్కడా చిన్న జాడైనా లేదు, అదే లోటు.

ఎండాకాలంలో మన పక్క ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం పెడతారు కదా, పగలు హరికథ, రాత్రి నాటకం. చిన్నప్పుడు నేను తెల్లవారేదాకా కదిలేవాణ్ణి కాదు. తపస్సు మాను అనే ఆ ఎత్తైన స్తంభం ఎక్కే అర్జునుణ్ణి మీరూ చూశారు. ఆయనే తర్వాత ఇంద్రలోకానికి వెళ్లి, చిత్రసేనుడి దగ్గర ఆటపాటలు నేర్చుకుంటాడు. విలుకాడికి నాట్యం దేనికి అనిపిస్తుంది. ఊర్వశి శాపమైతే మరీ అన్యాయం అనిపిస్తుంది. అజ్ఞాతవాసం వచ్చాక ఆ శాపమూ ఆ నాట్యమే ఆయన్ని విరాటుడి కొలువులో బృహన్నలగా దాచిపెడతాయి. అందరూ డాన్స్ టీచరే అనుకున్న మనిషి, కౌరవ సేనను చూసి పారిపోతున్న ఉత్తరకుమారుణ్ణి పట్టుకొచ్చి, జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపమంటాడు. ఆయనెవరో మనకు ముందే తెలుసు. అయినా ఒళ్లు పులకరిస్తుంది. ఉత్తరుడికి ఎప్పుడు తెలుస్తుందా అని ఎదురుచూడటంలోనే ఉంది ఆ రుచంతా. అందుకే చదివేవాళ్ల దగ్గర అన్నీ దాచాలని అనుకోకండి.

దేవలోకపు విద్యలే అక్కర్లేదు. పూలు కట్టి అమ్మే ఒక అవ్వను ఊహించండి. కోడలు కొలిచిన మాలను చీకట్లో తడిమి, "రెండు వేళ్లు తక్కువమ్మా" అంటుంది. చాదస్తం అని ఇంట్లో నవ్వుతారు. అవ్వ మూర సరిగ్గా 18 అంగుళాలు. చాలా పేజీల తర్వాత గట్టు తగాదా వస్తుంది. పాతకాలపు సర్వే గొలుసు పెట్టి పొలం కొలుస్తారు. ఆ గొలుసు 66 అడుగులు, అంటే 44 మూరలు ఉండాలి. అవ్వ దాన్ని పూలమాలలా మూరమూరగా లాగి చూసి, "43 కూడా లేదు నాయనా" అంటుంది. ఎవరో లంకెలు తీసేశారు! అవ్వకు కొత్త శక్తేమీ రాలేదు. మనం నవ్విపారేసిన పనే కేసు తేల్చింది.

ఇంకో మాట. ఆ విద్యకు ఎక్కడో ఒక హద్దు ఉండాలి. అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలుసు, బయటికి రావడం తెలియదు. ఏటా ఆ రాత్రి నేను ఏడ్చేవాణ్ణి.

మీ పిల్లవాణ్ణి ఒకసారి మళ్లీ మొదటి మెట్టు మీద నిలబెట్టండి. వాడు చెల్లెల్ని నవ్వించడానికి కొండముచ్చులా అరుస్తుంటే, అమ్మ విసుక్కోనివ్వండి. చిరుత మాటువేసి పట్టే జంతువు. దాన్ని చూసిన కొండముచ్చు కేక వేసి అందరినీ హెచ్చరిస్తుంది, ఇక దాని మాటు సాగదు. ఆ కేక వాడి గొంతులో ఎప్పటినుంచో ఉంది. కానీ వాడికి అప్పుడే భయంతో గొంతు పెగలకపోతే?

అక్కడినుంచి మీరు రాయండి. మామిడికాయల కాలానికి ఎలాగూ వస్తారు, అప్పుడు నాకు చదివి వినిపించండి.

మీ తాత