ఆయుధాల ఇన్‌స్పెక్షన్లు: అపోహలు - వాస్తవాలు

చౌటుప్పల్ దిక్కు ఒక కెమికల్ ప్లాంట్‌లో కంప్లయన్స్ పని చేస్త. రసాయన ఆయుధాల ఒప్పందం కింద ఏటా ఢిల్లీకి పోయే డిక్లరేషన్లు నా టేబుల్ మీదికెల్లే పోతయి. ఈ ఇన్‌స్పెక్షన్ల గురించి వాట్సాప్‌లో తిరిగే ముచ్చట్లు చదివినంక ఊకోబుద్ధి కాలే, అందుకే రాస్తున్న.

అపోహ: ఇన్‌స్పెక్టర్లంటే రెయిడ్ పార్టీ, దాచిన బాంబులు వెతుకుతరు.

వాస్తవం: హేగ్‌లో ఉండే ఓపీసీడబ్ల్యూ (రసాయన ఆయుధాల ఒప్పందాన్ని అమలు చేసే సంస్థ) వాళ్లు మన లాంటి మామూలు ఫ్యాక్టరీలకు కూడ వస్తరు, 120 గంటల ముందు నోటీస్ ఇచ్చి మరీ. మన మీద అనుమానంతోని కాదు, మందుల తయారీల వాడే ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్ లాంటి సరుకుతోనే నెర్వ్ ఏజెంట్ (నరాలను దెబ్బకొట్టే విషం) కూడ చెయ్యొచ్చు గదా, అందుకు. స్టాక్ రిజిస్టరు, బ్యాచ్ రికార్డు, రియాక్టర్ కెపాసిటీ ముందటేసుకొని, మీరు రాసిచ్చిందీ ఆడ ఉన్నదీ కలుస్తున్నయా లేదా అని చూస్తరు.

అపోహ: సర్కారు నాలుగు రోజులు ఆపితే సాక్ష్యం అంతా మాయం.

వాస్తవం: ఇది సగమే నిజం. 2013 ఆగస్టు 21న సిరియాలో ఘౌతా మీద గ్యాస్ దాడి అయినప్పుడు యూఎన్ టీం పక్కనే డమాస్కస్‌లో ఉంది, అయినా ఆ దిక్కు అడుగుపెట్టింది 26న, అది కూడ దారిల స్నైపర్లు బండిని కాలిస్తే ఎన్కకొచ్చి వేరే బండి ఎక్కి పోయిండ్రు. అయినా సరిన్ అనే నెర్వ్ ఏజెంట్ ఆనవాళ్లు దొరికినయి. సరిన్ తడి తగిలితే విరిగిపోతది గని, విరిగినంక ఐసోప్రొపైల్ మిథైల్ ఫాస్ఫోనిక్ యాసిడ్ అని ఒకటి మట్టిల మిగిలిపోతది, పురుగుమందు కొట్టినంత మాత్రాన అది రాదు, ల్యాబ్‌ల అది కనపడ్డదంటే ఇగ వేరే కథ చెప్పే జాగ లేదు. ఇరాన్‌ల కూడ అంతే, 2003లో కలాయే ఎలక్ట్రిక్ వర్క్‌షాప్‌లోకి ఐఏఈఏ (వియన్నాలో ఉండే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) వాళ్లను నెలల తరబడి రానియ్యలే, ఆలోపు లోపలంతా రిపేర్లు చేయించిండ్రు, అయినా గుడ్డతో తుడిచి తీసిన శాంపిళ్లల్ల బాగా శుద్ధి చేసిన యురేనియం కణాలు బయటపడ్డయి. ఆలస్యంతోని నిజంగ పోయేది ఏందంటే, రాకెట్ ముక్కలు ఎవరో ఇటు అటు జరుపుతరు, అప్పుడు ఎవరు కొట్టిండ్రన్నది తేల్చుడు మస్తు కష్టమైతది.

అపోహ: అడ్డుకున్నరంటే ఆయుధాలున్నట్టే.

వాస్తవం: 1991 సెప్టెంబర్‌లో బాగ్దాద్‌లో ఇన్‌స్పెక్టర్ల చేతికి అణు ప్రోగ్రాం కాగితాలు దొరికితే, అవి తిరిగి ఇచ్చేదాక కదలనియ్యమని పార్కింగ్ లాట్‌ల నాలుగు రోజులు ఆపిండ్రు. అప్పుడు నిజంగనే దాచిండ్రు. అదే ఇరాక్‌ల 2003 నాటికి నిల్వలు లేవు, యూఎన్ ఇన్‌స్పెక్టర్ల పెద్ద హాన్స్ బ్లిక్స్ ఇంకొన్ని నెలలు టైం కావాలన్నడు, ఇయ్యలే, అమెరికా యుద్ధానికి దిగింది, ఆ తర్వాత దాని సొంత టీమే వెతికి నిల్వలు లేవని 2004లో రిపోర్ట్ ఇచ్చింది. ఆ నెలలు ఇచ్చి ఉంటే ఎన్ని పాణాలు మిగులుతుండెనో.

అపోహ: నల్లమల యురేనియం తవ్వకాన్ని వియన్నా వాళ్లు వచ్చి ఆపుతరు.

వాస్తవం: అమ్రాబాద్ దోస్తులు అడుగుతుంటరు. అది ఐఏఈఏ పని కాదు, అణు సరుకు ఆయుధాలకు మళ్లుతుందా లేదా అన్నదే వాళ్లు చూస్తరు. 2019లో తవ్వకం వద్దని తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసిందంటే జనం కొట్లాడబట్టే.

అపోహ: యూఎన్ అన్నంక తాళం పగలగొట్టి పోవచ్చు.

వాస్తవం: పోలేరు. ఉత్తర కొరియా 2002 చివర్ల, మళ్ల 2009లో ఎల్లగొడితే ఐఏఈఏ వాళ్లు సామాన్లు సర్దుకొని వచ్చుడే అయింది, ఇప్పుడు శాటిలైట్ ఫొటోలే దిక్కు. మా రసాయన ఒప్పందంల చాలెంజ్ ఇన్‌స్పెక్షన్ అని ఉంది, ఒక దేశం అడిగితే ఇంకో దేశం కాదనొద్దు. ఒప్పందం 1997లో అమల్లోకి వచ్చింది, ఇప్పటిదాక ఏ దేశమూ ఒక్కసారి అడగలే. రేపు మనల్ని అడుగుతరేమో అన్న భయమే కారణమని నేననుకుంటున్న.